తులసిదళం చదివిన రేతిర్లు



పోయిన నెల పింఛన్ కాగితాల గురించి రాసినాను. దాని మీద ఇంకా అడిగేవాళ్లు ఉన్నారు. వాళ్లకు వచ్చే నెల జవాబు చెప్తాను, కోపం చేసుకోకండి. ఈ నెల మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. అది చెప్పకుండా వేరే రాయడానికి చెయ్యి రావడం లేదు.

మా మనవరాలు ఎనిమిదో తరగతి. దసరా సెలవులకు రాయచూరు నుంచి ఒక పుస్తకం తెచ్చుకుంది. పేరు డ్రాకులా. పిల్లల కోసం కుదించి, బొమ్మలు వేసి, అట్ట మీద ఎర్ర నెత్తురు చుక్కలు పెట్టి అమ్ముతున్నారు. రెండు రేతిర్లలో చదివేసింది. మూడో రేతిరి నిద్రలో ఉలిక్కిపడి లేచి కూర్చుంది. నాలుగో రోజు ఒళ్లు కాలింది.

మా కోడలు పుస్తకం తీసి అటక మీద పారేసింది. "మామా, మీరే నేర్పించినారు దీనికి ఈ చదువు పిచ్చి" అని నన్నూ నాలుగు మాటలు అనింది. ఆమె బాధ ఆమెది. నేను నోరు మూసుకున్నాను. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లలో ఒకామె, "పిల్లకు గాలి సోకింది, తాయెత్తు కట్టించు" అనింది. ఇంకొకామె గొంతు తగ్గించి, "మొన్న సందు చివర అవ్వ జామకాయ ఇచ్చిందంట కదా, ఈ పిల్ల తినిందంట కదా" అనింది.

ఆ రెండో మాట వినగానే నాకు నలభై ఏళ్ల కిందటి మా మిల్లు లైను గుర్తుకొచ్చింది. ఆ కథ చెప్తాను, వినండి.

నేను అప్పుడు రింగ్ ఫ్రేమ్‌లో డాఫర్‌ని. పెండ్లయి ఏడాది కాలేదు. లైన్లలో రెండు వరసల ఇండ్లు, నడమ ఒక కొళాయి, చివర ఒక వేపచెట్టు. చదువు వచ్చినోళ్లు ఆ రెండు వరసల్లో కలిపి పది మంది ఉండరు. నేను చదివింది ఐదో తరగతే. అయినా నా గొంతు పెద్దది. మిల్లులో పనిచేసినోళ్లకు తెలుసు కదా, ఫ్రేముల రొదలో అరిచి అరిచి మామూలు మాట కూడా పక్క వీధికి వినపడుతుంది. అందుకని చదివే పని నాకు పెట్టినారు.

ఎనభైల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళం సీరియల్‌గా వచ్చింది. ఇప్పటి పిల్లలకు సీరియల్ అంటే టీవీ. అప్పుడు సీరియల్ అంటే కాగితం. వారానికి ఒక ముక్క, భయం పట్టుకున్న చోట ఆపేస్తారు, మళ్లీ వారం దాకా ఎదురుచూడాలి. ఒక పత్రిక కొంటే ఇరవై ఇండ్లు తిరిగేది. చివరి ఇంటికి చేరేసరికి అట్ట ఊడిపోయి, నూనె మరకలు పడి, పాత లెక్కల పుస్తకం లాగా అయ్యేది.

కథ తెలియనోళ్లకు రెండు ముక్కలు. తులసి అని ఒక చిన్న పాప. ఆ పాప పేర పెద్ద ఆస్తి వస్తుంది. పాప లేకపోతే ఆ ఆస్తి తమకు దక్కుతుందనుకునేవాళ్లు ఆమె మీద కాష్మోరా అనే చేతబడి చేయిస్తారు. పాపకు ఏమవుతుందో డాక్టర్లకు అంతు చిక్కదు. కన్నతండ్రి మందుకూ మంత్రానికీ నడమ నలిగిపోతాడు. ఇంతే కథ. ఇంతే అంటున్నాను గానీ, అప్పుడు రేతిరి వేపచెట్టు కింద లాంతరు పెట్టుకొని చదువుతుంటే ఒక్కరు దగ్గేవాళ్లు కాదు. మిల్లోళ్లు దగ్గకుండా కూర్చోవడం అంటే అది చిన్న సంగతి కాదు.

చదవడం అయినాక అసలు కచేరీ మొదలయ్యేది. ఒక్కొక్కరిది ఒక్కో మాట. వైండింగ్‌లో పనిచేసే ఒక వదిన, "బిడ్డ పేర అంత డబ్బు పెట్టకపోతే ఏ బాధా లేకపోను. మన బిడ్డల మీద ఎవరు చేస్తారు చేతబడి, ఏముందని" అనేది. అందరూ నవ్వేవాళ్లు. మా జాబర్, "ఆ తండ్రి అన్ని రోజులు ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నాడే, జీతం కోత లేదా?" అని అడిగేవాడు. రిటైరైన ఒక పెద్దాయన మాత్రం నవ్వేవాడు కాదు. "మందు గెలిచినా మంత్రం గెలిచినా నాకు పని లేదు, పాప బతికిందా లేదా చెప్పు" అనేవాడు. ఆయన ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న మనిషని నాకు తర్వాత తెలిసింది.

భయం మిల్లులోకి కూడా వచ్చింది. మూడో షిఫ్టులో దూది గోడౌన్‌కు ఒంటరిగా పోవడానికి కుర్రోళ్లు వెనకాడినారు. ఒక రేతిరి నేనే పోయినాను. బేళ్ల సందులో నుంచి తల మొదలు కాళ్ల దాకా తెల్లగా ఒక ఆకారం లేచి నిలబడింది. నేను కేక పెట్టి బాబిన్ల బుట్ట కింద పడేసినాను. ఆ ఆకారం, "ఏందిరా నాయనా, బీడీ ఉందా?" అనింది. బ్లోరూమ్‌లో పనిచేసే మామ. దూది దుమ్ము కమ్ముకొని అట్లా ఉన్నాడు, అక్కడ దాక్కొని కునుకు తీస్తున్నాడు. ఆ సంగతి రిటైరయ్యేదాకా నన్ను వదలలేదు. నాకు కాష్మోరా అని పేరు పెట్టినారు.

ఇంతవరకే అయితే ఇది నవ్వుకునే కథ. ఇంకా ఉంది.

ఆ రోజుల్లోనే మా వరసలో ఒక ఇంట్లో ఆరేండ్ల పిల్లకు ఉన్నట్టుండి కళ్లు తేలేసి, కాళ్లు చేతులు కొట్టుకోవడం మొదలైంది. రెండు రోజులకు ఒకసారి వచ్చేది. ఇంతకుముందైతే ఫిట్స్ అని ఎవరో ఒకరు అనేవాళ్లేమో. అప్పుడు మాత్రం అందరి నోట ఒకటే మాట: అచ్చం తులసికి అయినట్టే అవుతుంది. ఆ మాట అన్నాక ఇంకో మాట రావాలి కదా: మరి చేసింది ఎవరు?

వరస చివరి ఇంట్లో ఒక ముసలామె ఉండేది. మొగుడు మిల్లులోనే చనిపోయినాడు. బిడ్డలు లేరు. వేస్టు దూది ఏరుకొచ్చి వత్తులు చేసి అమ్ముకునేది. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. రేతిరి నిద్ర పట్టక వాకిట్లో కూర్చునేది. దీనికి మించి ఆమె చేసిన తప్పు ఏమీ లేదు. ఆమె ఇంటి ముందర నిమ్మకాయ దొరికిందని ఒకరన్నారు. వత్తులకు కాదు, బొమ్మలు చేయడానికి దూది ఏరుకుంటుందని ఇంకొకరన్నారు. కొళాయి దగ్గర ఆమె బిందె పక్కకు తోసేవాళ్లు. ఒక రేతిరి ఆమె తలుపు మీద రాళ్లు పడినాయి.

నేను ఏం చేసినాను? ఏమీ చేయలేదు. రాయి వేయలేదు, వేయొద్దని అనలేదు. ఆ వారం కూడా లాంతరు పెట్టుకొని తర్వాతి ముక్క చదివినాను, గొంతు ఇంకొంచెం పెద్దది చేసి. భయపడేవాళ్లు ఎక్కువైతే చదివేవాడికి గౌరవం ఎక్కువ. ఆ గౌరవం నాకు రుచించింది. ఈ మాట ఇన్నేండ్లలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

చివరికి పిల్లను పెద్దాసుపత్రికి తీసుకుపోయినారు. అది మూర్ఛ జబ్బు, రోజూ మాత్ర వేయాలి, ఆపకూడదు అని డాక్టరు చెప్పినాడు. మాత్రలతో పిల్ల బాగుపడింది. పెండ్లయింది, బిడ్డలు కలిగినారు. అప్పటికే ముసలామె ఒక మూట కట్టుకొని తెల్లవారుజామున సైరన్ కూయకముందే లైను వదిలి పోయింది. యాడికి పోయిందో ఎవరూ అడగలేదు. పిల్లకు బాగైనాక కూడా, అయ్యో ఆమెను అట్లా అన్నామే అని ఎవరూ అనలేదు.

తర్వాత కొన్నేండ్లకు యూనియన్ ఆఫీసులో ఒకాయన రంగనాయకమ్మ గారి పుస్తకం ఇచ్చినాడు. పేరు తులసిదళం కాదు గంజాయి దమ్ము. ఇట్లాంటి నవలలు జనం బుర్రల్లో మూఢనమ్మకాన్ని ఇంకా గట్టి చేస్తాయని ఆమె వాదం. నాకు ముందు కోపం వచ్చింది. మేము అంత ఇష్టంగా చదివినదాన్ని గంజాయి అంటుందే అని. కథను కథగా చూడాలి గానీ కొట్లాట ఎందుకని వాదించేవాళ్లు కూడా అప్పుడు చాలామంది. టీ అంగడి దగ్గర నేను కూడా ఆ పక్కే నిలబడి వాదించినాను. ఇంటికొచ్చి పండుకుంటే మాత్రం చివరి ఇంటి తలుపు మీద పడిన రాళ్ల చప్పుడు వినపడింది.

ఇప్పటికి నాకు తోచింది చెప్తాను. తప్పయితే దిద్దండి. యండమూరి గారి నవలలో రెండు వాకిళ్లు ఉన్నాయి. ఒకటి మంత్రం వాకిలి, ఒకటి డాక్టర్ల వాకిలి. ఏ వాకిలి గుండా పోయినా కథ నడిచేటట్టు రాసినాడు ఆయన. పట్నంలో చదువుకున్నోళ్లు రెండో వాకిలి చూసినారేమో. మా లైనులో మాకు ఒకటే కనపడింది, ఎందుకంటే ఆ వాకిలి మా ఊర్లలో ముందునుంచే తెరిచి ఉంది. బాణామతి భయం రాయచూరు, గుల్బర్గా, బీదరు సీమకు కొత్త కాదు, అటు మెదక్ పక్క కూడా కొత్త కాదు. ఎండిపోయిన పత్తికట్టె దగ్గర అగ్గిపుల్ల గీస్తే ఒకటి, తడి నేల మీద గీస్తే ఒకటి. పుల్ల రెండు చోట్లా అదే.

ఇంకొక సంగతి కూడా ఉంది. భయం కథల్లో రెండు రకాలు. చచ్చినోళ్లు లేచి వచ్చే కథ ఒకటి. బతికున్నోళ్లు పక్కింట్లో కూర్చొని చేతబడి చేసే కథ ఇంకొకటి. మా చిన్నప్పుడు చందమామలో బేతాళుడు శవంలో నుంచి మాట్లాడేవాడు, పిల్లలం దుప్పటి కప్పుకొని చదివినాము, ఎవరికీ ఏమీ కాలేదు. 1978లో విఠలాచార్య గారి జగన్మోహిని వస్తే దయ్యాన్ని చూడ్డానికి బండ్లు కట్టుకొని పోయినారు జనం. ఆయన మన కన్నడ సీమ మనిషే, ఉడుపి పక్క. ఆ సినిమా చూసి వచ్చి ఎవరూ ఎవరి తలుపు మీదా రాయి వేయలేదు. సినిమా దయ్యానికి మన వీధిలో ఇల్లు లేదు కాబట్టి. చేతబడి కథలో అట్లా కాదు. పుస్తకం మూసినాక కూడా ఆ దుర్మార్గుడికి ఒక మొహం కావాలి. ఆ మొహం కోసం వెతికితే ఎప్పుడూ దొరికేది దిక్కులేని ముసలామే. మిల్లు ఓనరు మీద చేతబడి అనుమానం వచ్చినట్టు నేను ఈ వయసు దాకా వినలేదు.

ఇప్పుడు డ్రాకులా దగ్గరికి వస్తాను. మనవరాలికి జ్వరం తగ్గినాక నేనే అటక ఎక్కి పుస్తకం దించినాను. కోడలు చూసి ఏమీ అనలేదు. నాకు ఇంగ్లీషు రాదు. మనవరాలు చదివి తెలుగులో చెప్పింది, నేను విన్నాను. ఒకప్పుడు నేను చదివితే లైనంతా వినేది. ఇప్పుడు నేను వినేవాడినైనాను.

ఆ కథ రాసింది బ్రామ్ స్టోకర్ అనే ఐర్లండు ఆయన. 1897లో అచ్చయింది. ఒక కుర్ర వకీలు పని మీద ఎక్కడో కొండల్లో ఉన్న పాత కోటకు పోతాడు. ఆ సీమ ఇప్పుడు రొమేనియా దేశంలో ఉంది. కోట దొర మనుషుల నెత్తురు తాగి బతికేవాడు. కథంతా డైరీలు, ఉత్తరాలుగా నడుస్తుంది. తమాషా ఏమిటంటే రాసినాయన ఆ సీమకు ఎప్పుడూ పోలేదంట, పుస్తకాలు చూసి రాసినాడంట. పాత కోట, మూసిన గదులు, వంశంలో దాచిన పాపం, ఇట్లాంటి కథలను గోథిక్ అంటారని పిల్లకు వాళ్ల టీచరమ్మ చెప్పింది. ఇంగ్లండులో ఆ రకం మొదటి నవల 1764లో వచ్చిందంట. నూలు వడికే జెన్నీ యంత్రాన్ని హార్‌గ్రీవ్స్ తయారుచేసింది కూడా సుమారు ఆ కాలంలోనే. ఒక పక్క ఇంటి రాట్నాలు మూలపడి మిల్లులు లేస్తుంటే, ఇంకో పక్క జనం పాత కోటల్లో దయ్యాల కథలు చదువుకున్నారన్నమాట. కాలం మారేటప్పుడు మనిషికి లోపల భయం ఉంటుంది. ఆ భయానికి ఏదో ఒక ఆకారం కావాలేమో. మన మిల్లు మూతపడిన ఏడాది లైనులో దయ్యాల మాటలు ఎంత పెరిగినాయో మీలో పాతోళ్లకు గుర్తుండాలి.

"నీకు యాడ భయమేసింది?" అని పిల్లను అడిగినాను. నెత్తురు తాగే చోట అంటుందనుకున్నాను. "అది కాదు తాతా. ఆయన పోతుంటే దావలో ఊరోళ్లు పోవద్దని చెప్తారు, ఒక ముసలామె కాళ్లావేళ్లా పడుతుంది. ఆయన వినడు. చదువుకున్నోడు కదా, వాళ్లకేం తెలుసు అనుకుంటాడు. ఆడ నాకు భయమేసింది" అనింది.

నేను కొంచేపు మాట్లాడలేదు. ఆ కథలో ముసలామె మాట నిజం. మా లైనులో ముసలామె మీద మాట అబద్ధం. రెండు చోట్లా ముసలామెను పట్టించుకున్నోడు లేడు.

జ్వరం సంగతి చెప్పడం మరిచినాను. ఆరోగ్య కేంద్రంలో రక్తం పరీక్ష చేసినారు, టైఫాయిడ్. బావి నీళ్లో, సంతలో తిన్న పానీపూరీయో. డ్రాకులాది కాదు, జామకాయది కాదు. తాయెత్తు నేను కట్టనీయలేదు. మా ఇంటామె కట్టాలనింది. "కట్టుకో, నీ మనసుకు ఊరట. మందు మాత్రం ఒక్క పూట తప్పకూడదు" అన్నాను. ఆమె ఆలోచించి, "అయితే తాయెత్తు ఎందుకు, ఖర్చు" అనింది. అట్లా తెగింది మా ఇంట్లో ఆ వాదం.

ఇంకొక పని కూడా చేసినాను. ఆ జామకాయ మాట అన్న ఆడమనిషి ముందరే మనవరాలిని వెంటబెట్టుకొని సందు చివర అవ్వ ఇంటికి పోయినాను. "అవ్వా, పిల్లకు జ్వరం తగ్గింది. రెండు జామకాయలు ఉంటే పెట్టు" అన్నాను. ఆమె చెట్టు దగ్గరికి పోయి నాలుగు తెచ్చింది. వాళ్లింటి అరుగు మీదే కూర్చొని తిన్నాము, వీధి అంతా చూసేటట్టు. ఇది పెద్ద ఘనకార్యమేమీ కాదు. నలభై ఏండ్ల కిందట చేయాల్సింది ఇప్పుడు చేసినాను, అదీ వేరే మనిషికి. ఆ లైను ముసలామెకు ఇది చేరదు.

కాబట్టి పిల్లలకు ఇట్లాంటి పుస్తకాలు ఇవ్వాలా వద్దా అని అడిగే తల్లులకు నా మాట ఇది. అటక మీద దాచితే ఫోన్‌లో చూస్తారు. అది ఇంకా ఒంటరి భయం. చదవనివ్వండి, పక్కన కూర్చోండి. యాడ భయమేసిందో అడగండి. అట్లాంటిది మన వీధిలో ఎవరికైనా జరిగితే ముందు యాడికి పోవాలో అడగండి, ఆస్పత్రికా, భూతవైద్యుడి దగ్గరికా. ఆ కథ విని ఎవరి మీదనైనా అనుమానం వచ్చిందా అని కూడా అడగండి. వచ్చిందంటే మాత్రం ఆ రోజు పుస్తకం మూసి, ఆ మనిషి ఇంటికి పిల్లను తీసుకుపోయి రండి.

పెద్దలకు ఒక మాట. మన కర్ణాటకలో అమానుష దురాచారాల మీద, చేతబడి మోసాల మీద 2017లో చట్టం వచ్చింది, 2020 నుంచి అమల్లో ఉంది. దయ్యం వదిలిస్తామని మనిషిని కొట్టడం నేరం. పాము, తేలు, కుక్క కరిస్తే ఆస్పత్రికి పోనీయకుండా మంత్రం వేయడం నేరం. విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు ఊరూరా తిరిగి నిప్పుల మీద నడిచి చూపించి, ఇందులో మహిమ ఏమీ లేదని చెప్పేవాళ్లు. దేవుణ్ణి నమ్మేది మానేది మీ ఇష్టం, నేను ఏటా మంత్రాలయం పోతాను. పక్కింటామె మీద వేలు చూపించడానికి మాత్రం ఏ దేవుడూ చెప్పలేదు.

తులసిదళం మీద నాకు ఇప్పుడు కోపం లేదు. మొన్న అనుకోకుండా మళ్లీ దొరికింది, చదివినాను. పట్టు అట్లానే ఉంది, దించబుద్ధి కాలేదు. కన్నడంలో కూడా 1985లో తులసీదళ అని సినిమా తీసినారు, ఈ పక్కోళ్లకు అట్లా కూడా తెలుసు. బిడ్డ కోసం తండ్రి పడే పాటు చదువుతుంటే ఇప్పటికీ కళ్లు తడుస్తాయి. కాకపోతే ఈసారి చదువుతుంటే తులసితో పాటు ఇంకొకామె కూడా నా కళ్ల ముందర ఉంది, ఒళ్లో దూది పెట్టుకొని వాకిట్లో కూర్చొని.

మీ లైన్లలో ఆ సీరియల్ ఎవరు చదివేవాళ్లు, ఏం మాట్లాడుకున్నారు, రాసి పంపండి. నవ్వొచ్చేవి పంపండి, నవ్వురానివి కూడా పంపండి. ఊరు వదిలి పోయిన అట్లాంటి మనిషి ఎవరైనా మీకు గుర్తుంటే ఆ సంగతి ముందు రాయండి.

వచ్చే నెల పింఛన్ కాగితాలే. ఈసారి తప్పించుకోను.